మెంటన్‌లో తోటలు: అమ్మతో వెళ్తున్నాం, ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

కృష్ణలంక కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఏప్రిల్ చివర్లో అమ్మని తీసుకుని ఫ్రాన్స్ వెళ్తున్నాం. చెల్లెలు వాళ్లు లియాన్‌లో ఉంటారు. ముందు అక్కడ దిగి, తర్వాత అందరం కలిసి నీస్ వెళ్లి కొన్నాళ్లు ఉంటాం. అమ్మకి మ్యూజియాలు పట్టవు, షాపింగ్ అసలే పట్టదు. మొక్కలంటే మాత్రం ప్రాణం. విజయవాడ ఎండలో మేడమీద కుండీలు పెట్టి సంపెంగ దగ్గర్నుంచి డ్రాగన్ ఫ్రూట్ దాకా పెంచుతుంది. ఇటలీ సరిహద్దు పక్కనే మెంటన్ అని ఊరుందనీ, సముద్రం ఒడ్డునే తోటలున్నాయనీ చెల్లెలు చెప్పింది.

నా సందేహాలు: నీస్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తే సరిపోతుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కుతుంది గానీ ఆగి ఆగి ఎక్కాలి. ఆ ఊళ్లో నిమ్మకాయల ఉత్సవం అంటారట, అది ఏప్రిల్‌లో ఉంటుందా? మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చిల్లరలెక్క:
బ్రో, నన్నడిగితే మెంటన్ వదిలేయండి. నీస్ పక్కనే సెయింట్-జీన్-కాప్-ఫెర్రాలో ఎఫ్రుసీ రోత్‌షీల్డ్ విల్లా ఉంది. ఒక్క టికెట్‌కి తొమ్మిది రకాల తోటలు. స్పానిష్ తోట, జపనీస్ తోట, గులాబీ తోట, అన్నీ ఒక్క కొండ మీదే. ఫౌంటెన్లు సంగీతానికి తగ్గట్టు ఆడతాయి. నడక తక్కువ. మెంటన్‌లో తోటలన్నీ తలో దిక్కున ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో టికెట్, ఒక్కోటి ఒక్కో రోజు సెలవు. పోయేది మీ డబ్బులే కదా, ఆలోచించుకోండి.

లియాన్ అక్క:
చిల్లరలెక్క తమ్ముడూ, ఎఫ్రుసీ బాగుంటుంది, కాదనను. కానీ అది ఒక ధనవంతురాలు ఏ దేశం తోట ఎలా ఉంటుందో చూపించడానికి కట్టుకున్న ప్రదర్శన. మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు వెతికేది అది కాదు. మెంటన్‌లో తోటలు వేసినవాళ్లు మొక్కలు సేకరించే పిచ్చివాళ్లు. ఆ తేడా కుండీల్లో డ్రాగన్ ఫ్రూట్ పెంచే ఆవిడకి లోపలికెళ్లిన వెంటనే తెలిసిపోతుంది.

కృష్ణలంక గారూ, నిమ్మకాయల ఉత్సవం ఫిబ్రవరిలో మొదలై మార్చి మొదటి రోజులతో అయిపోతుంది. మీరు వెళ్లేసరికి ఉండదు. అందుకు బాధపడకండి. ఉత్సవం రోజుల్లో ఊళ్లో కాలు పెట్టే చోటుండదు, రైలెక్కడమే పెద్ద యుద్ధం. ఏప్రిల్ చివర తోటలకి మంచి కాలం. ఎండ ముదరదు, విస్టేరియా తీగ పూసి ఉంటుంది.

రైలుపెట్టె:
రవాణా సంగతి నేను చెప్తా. నీస్-విల్ స్టేషన్ నుంచి ఇటలీలోని వెంటిమీల్య వైపు వెళ్లే టీఈఆర్ (ప్రాంతీయ) రైలు ఎక్కండి. మెంటన్‌కి 40 నిమిషాల లోపే. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రమంతా అటే. సొరంగం, సముద్రం, మళ్లీ సొరంగం. మొనాకో స్టేషన్ మొత్తం కొండ లోపలే.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. ఒకటి కాదు, ఊరి పొలిమేరలో ఉన్న కార్నోలెస్‌తో కలిపి మూడు స్టేషన్లు. నీస్ వైపు నుంచి వరసగా కార్నోలెస్, మెంటన్, మెంటన్-గరవాన్. చాలామంది పేరు చూసి మెంటన్‌లో దిగేసి, ఎండలో గరవాన్ దాకా నడిచి ఉసూరుమంటారు. తోటలు ఎక్కువగా గరవాన్ వైపే ఉన్నాయి. పొద్దున నేరుగా గరవాన్‌లో దిగండి. సాయంత్రం ఊళ్లోకి మెల్లగా నడుచుకుంటూ వచ్చి మెంటన్ స్టేషన్లో తిరుగు రైలెక్కండి. అమ్మగారి మోకాళ్లకి ఇదే మంచి లెక్క.

ఇంకోటి. గరవాన్ తర్వాత వచ్చేది ఇటలీయే. 2015 చివరి నుంచి ఫ్రాన్స్ సరిహద్దు తనిఖీలు మళ్లీ పెట్టింది. ఇటలీ వైపు నుంచి వచ్చే రైళ్లలో పోలీసులు ఎక్కి కాగితాలు చూస్తారు. షెంగెన్ వీసా ఉంది కదా అని పాస్‌పోర్టు హోటల్లో పెట్టి వెళ్లొద్దు. ఒరిజినల్ దగ్గరుంచుకోండి.

చెట్లూ చేమలూ:
ఆలస్యంగా చూశాను. బోటనీ చెప్పి రిటైరయినదాన్ని, ఈ ప్రశ్న చూసి ఊరుకోలేను.

మీ అమ్మగారిని ముందు వాల్ రామే తోటకి తీసుకెళ్లండి. గరవాన్‌లోనే ఉంది. ఫ్రాన్స్ జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం చేతిలో ఉన్న బొటానికల్ గార్డెన్ ఇది. 1905లో పెర్సీ రాడ్‌క్లిఫ్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఈ ఇల్లు, తోట మొదలుపెట్టాడు. ఆయన భార్య పేరు రామే, తోటకి ఆ పేరే పెట్టాడు. తర్వాత మేబడ్ క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషావిడ కొని పెంచింది. ఆవిడ దగ్గర్నుంచి 1966లో ప్రభుత్వానికి వచ్చింది. తోట పెద్దది కాదు, ఒక హెక్టారు చిల్లర. కానీ ఒక్కో మొక్క దగ్గర పది నిమిషాలు నిలబడవచ్చు.

క్యాంప్‌బెల్ గారికి ఉమ్మెత్త జాతి మొక్కలంటే వల్లమాలిన ఇష్టం. మన పొలం గట్ల మీద ఉమ్మెత్త పువ్వు ఆకాశం వైపు చూస్తుంది. అక్కడున్న దక్షిణ అమెరికా దాయాదులకి పువ్వులు జానెడు పొడుగుతో తల కిందులుగా వేలాడతాయి. సాయంత్రం అయ్యేకొద్దీ వాసన ఎక్కువవుతుంది. అరటి, జామ, అవకాడో, రకరకాల మసాలా మొక్కలు కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తోరోమీరో. ఈస్టర్ ద్వీపంలో తప్ప ఇంకెక్కడా పుట్టని చెట్టు. ఆ ద్వీపంలో గొర్రెలు, మనుషులు కలిసి దాన్ని నిలువునా తినేశారు. సహజంగా పెరిగే చెట్టు ఇప్పుడు భూమ్మీద ఒక్కటీ లేదు. చివరి చెట్టు నుంచి తెచ్చిన విత్తనాల సంతతి కొన్ని బొటానికల్ తోటల్లో బతుకుతోంది, వాటిలో వాల్ రామే ఒకటి. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, చిన్న చిన్న ఆకుల పొద. బోర్డు చదవకపోతే దాటేసి వెళ్లిపోతారు. చాలామంది అలాగే దాటేస్తారు కూడా.

మంగళవారం సెలవు. మధ్యాహ్నం భోజనాల వేళ మూసే కాలాలున్నాయి కాబట్టి పొద్దున తెరవగానే వెళ్లండి.

చిల్లరలెక్క:
మేడం, గౌరవంతోనే అడుగుతున్నా. విజయవాడ నుంచి అన్ని వేలు పోసి తీసుకెళ్లి ఆవిడకి అరటిచెట్టూ జామచెట్టూ చూపించాలా?

చెట్లూ చేమలూ:
మంచి ప్రశ్నే వేశావు నాయనా. మెంటన్ దాదాపు 43.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మన శ్రీనగర్ కన్నా ఇంచుమించు 10 డిగ్రీలు పైన. రష్యాలో వ్లాదివోస్తోక్ దీనికన్నా కొంచెం కిందే ఉంది, అక్కడ చలికాలంలో సముద్రమే గడ్డకడుతుంది. మరి మెంటన్‌లో అరటి, జామ ఆరుబయట ఎలా బతుకుతున్నాయి?

ఊరి వెనక ఆల్ప్స్ కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలిని ఆ గోడ ఆపేస్తుంది. ముందున్న సముద్రం ఎండాకాలమంతా దాచుకున్న వేడిని చలికాలంలో మెల్లగా వదులుతుంది. దక్షిణం వైపు తిరిగిన వాలు కాబట్టి చలికాలపు ఏటవాలు ఎండ కూడా నేరుగా తగులుతుంది. పైగా కొండని రాతిగోడలతో మెట్లు మెట్లుగా కట్టారు. పగలు వేడెక్కిన ఆ రాళ్లు రాత్రంతా మొక్కల వేళ్లని కాస్తాయి. గరవాన్‌లోనే మారియా సెరెనా అనే తోట ఉంది. 1880 నాటి విల్లా, చుట్టూ ఈతచెట్ల జాతులు, చూడ్డానికి ఈతచెట్టులా ఉండే సైకాడ్ మొక్కలు. ఫ్రాన్స్ మొత్తంలో చలి తక్కువ తగిలే తోటగా దానికి పేరు. గైడ్‌తో మాత్రమే లోపలికి పంపిస్తారు.

అక్కడ అరటిచెట్టు చూస్తున్నామంటే ఆ కొండ చేస్తున్న పని చూస్తున్నట్టు. మొక్కలు పెంచే మనిషికి ఈ మాట ఒక్కసారి చెప్తే చాలు.

చిల్లరలెక్క:
సరే మేడం, ఈ రౌండ్ మీది 🙏

మెంటన్ చదువరి:
హాయ్, నేను ఇక్కడే చదువుతున్నా. సియాన్స్ పో అనే ఫ్రెంచి యూనివర్సిటీ వాళ్ల మధ్యప్రాచ్య, మధ్యధరా అధ్యయనాల క్యాంపస్ ఈ ఊళ్లోనే ఉంది. అందుకే ఇంత చిన్న ఊళ్లో మన తెలుగువాళ్లం ఒకరిద్దరం కనిపిస్తుంటాం.

మీకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఫోటోల్లో మెంటన్ అంటే రంగురంగుల ఇళ్లు, సముద్రం. ఆ ఇళ్లున్న పాత ఊరంతా నిలువు కొండ. సెయింట్-మిషెల్ బసిలికా ఎక్కాలంటే ఒడ్డు నుంచి వెడల్పాటి మెట్ల వరసలున్నాయి, పక్కన పట్టుకోవడానికి అన్నిచోట్లా ఏమీ ఉండదు. అమ్మగారు ఆగి ఆగి ఎక్కగలిగితే మాత్రం మానొద్దు. 1619లో మొనాకో రాజు రెండో ఒనొరే పునాది వేయించిన గుడి. దాని ముందున్న చదును మీద నలుపు, తెలుపు గులకరాళ్లతో మొనాకో రాజుల గ్రిమాల్డీ వంశం చిహ్నం పొదిగారు. గుడి మెట్ల మీద కూర్చుంటే మొత్తం ఒడ్డు కనిపిస్తుంది. 1950 నుంచి ప్రతి ఎండాకాలం శాస్త్రీయ సంగీత కచేరీలు ఆ ఆవరణలోనే జరుగుతున్నాయి.

మొనాకో రాజు ఇక్కడ గుడి ఎందుకు కట్టించాడని మీకు డౌట్ రావచ్చు. అప్పట్లో మెంటన్ మొనాకో కిందే ఉండేది. నిమ్మకాయల మీద పన్నులు భరించలేక 1848లో మెంటన్, పక్కనున్న రోక్‌బ్రూన్ తిరగబడి విడిపోయాయి. 1860లో ఓటు వేసి ఫ్రాన్స్‌లో చేరాయి. మరుసటేడు మొనాకో రాజు 40 లక్షల ఫ్రాంకులు పుచ్చుకుని హక్కులు వదులుకున్నాడు. ఈ దెబ్బకి మొనాకో చేతిలో ఉన్న భూమిలో ఎక్కువ భాగం పోయింది.

నడవలేని రోజుకి బియోవెస్ తోట ఉంది. మెంటన్ స్టేషన్ దగ్గర్లోనే, సముద్రం వైపు చదునుగా సాగుతుంది. టికెట్ లేదు, బెంచీలు బోలెడు. దాని కింద కరెయీ వాగు పారుతుంది, పైన కప్పేసి తోట వేశారు. నిమ్మకాయల ఉత్సవంలో పెద్ద బొమ్మలు పెట్టేది ఇక్కడే.

పులిహోర:
ఉత్సవం గురించి ఒక్క ముక్క. 2018లో వాళ్ల థీమ్ ఏంటో తెలుసా? బాలీవుడ్! నేను అప్పుడు వెళ్లాను. నిమ్మకాయలతో, నారింజలతో మన దేశాన్ని కట్టిపారేశారు. దగ్గరికెళ్లి చూస్తే తమాషాగా ఉంటుంది. ఇనప చట్రం మీద ఒక్కో పండుని ఒక్కో రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచుతారు. అలా కొన్ని లక్షల పండ్లు. ఎక్కడైనా కుళ్లితే రాత్రికి రాత్రి తీసేసి కొత్తది బిగిస్తారు. మొత్తం దాదాపు 140 టన్నులు వాడతారట.

చిల్లరలెక్క:
140 టన్నుల పండ్లు నేలపాలా? గూడూరు మార్కెట్లో రైతుకి కిలోకి రెండు రూపాయలు వచ్చే రోజుల్లో ఇది చదివితే కడుపు రగిలిపోతుంది.

మెంటన్ చదువరి:
అన్నా, అంతా వృథా కాదు. ఉత్సవం అయ్యాక బాగున్న పండ్లని చవగ్గా అమ్మేస్తారు, మేం స్టూడెంట్లం సంచులు పట్టుకుని పరిగెడతాం. ఇంకో సంగతి, ఆ పండ్లలో ఎక్కువ భాగం స్పెయిన్ నుంచి వచ్చినవి. మెంటన్ నిమ్మని బొమ్మకి కట్టేంత పంట ఇక్కడ లేదు. 2015లో దానికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మార్కెట్లో ఆకుతో సహా పెట్టి అమ్ముతారు, ధర చూస్తే ఒకటి కొని ఊరుకుంటాం.

చెట్లూ చేమలూ:
ఆ నిమ్మ వేరు, మన నిమ్మ వేరు. మన గూడూరు, తెనాలి నిమ్మ చిన్నది, పలచటి తొక్క, పులుపు ఘాటు. మెంటన్ది కోలగా, పసుప్పచ్చగా, తొక్క మందంగా ఉంటుంది. పులుపు మెత్తన. తొక్కలోనే అసలు సువాసన. గోరుతో కాస్త గీరి వాసన చూడమనండి అమ్మగారిని. నిమ్మజాతి పండ్లన్నీ ఒకచోట చూడాలంటే కార్నోలెస్ ప్యాలెస్ తోట ఉంది. మొనాకో రాజులు 18వ శతాబ్దంలో కట్టుకున్న వేసవి విడిది. నారింజ, దబ్బ, పంపర, నిమ్మ, వందకు పైగా రకాలు. చదునైన నేల.

కాంక్రీటు:
ఆర్కిటెక్ట్‌ని, నా పాయింట్ వేరే. మెంటన్ దాకా వెళ్లి పక్కనే రోక్‌బ్రూన్-కాప్-మార్టెన్లో లే కార్బూజియే కట్టుకున్న చెక్క గది చూడకుండా వస్తే నేను క్షమించను 😄 చండీగఢ్ ప్లాన్ చేసిన పెద్దమనిషి తన కోసం కట్టుకున్నది ఎంతో తెలుసా? 3.66 మీటర్లు పొడవు, అంతే వెడల్పు. మన హైదరాబాద్ టూ బీహెచ్‌కేలో మాస్టర్ బెడ్‌రూమ్ అంత. 1952లో పూర్తయింది. అందులోనే మంచం, బల్ల, వాష్‌బేసిన్, కిటికీ తలుపు మీద అద్దం. వంటగది లేదు, పక్కనే ఉన్న హోటల్లోకి తలుపు పెట్టుకున్నాడు. 1965 ఆగస్టు 27న ఆ కిందే సముద్రంలో ఈతకి దిగి చనిపోయాడు. 2016లో యునెస్కో ఆయన కట్టడాలు 17 కలిపి ప్రపంచ వారసత్వంలో చేర్చింది. చండీగఢ్ కాపిటల్ కాంప్లెక్సూ, ఈ గదీ రెండూ అదే జాబితాలో ఉన్నాయి.

పక్కనే ఐలీన్ గ్రే అనే ఆర్కిటెక్ట్ 1929లో పూర్తిచేసిన ఈ-1027 అనే తెల్లని ఇల్లు ఉంది. ఆవిడని అడగకుండా లే కార్బూజియే ఆ గోడల మీద బొమ్మలు గీశాడు. ఆవిడకి ఒళ్లు మండింది. నాకు ఆయనంటే ఎంత గౌరవమున్నా ఈ విషయంలో ఆవిడ పక్షమే. రెండూ కలిపి గైడ్‌తో చూపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి.

లియాన్ అక్క:
కాంక్రీటు గారూ, అడిగింది తోటల గురించి, అమ్మగారి మోకాళ్ల గురించి. గది దాకా కొండవాలు దారి, మెట్లు. అమ్మగారు బియోవెస్‌లో కూర్చుని ఉంటే కుర్రాడు వెళ్లి చూసి రావచ్చు.

కృష్ణలంక కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. అమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. తోరోమీరో కథ విని "ఆ చెట్టు దగ్గరికి ముందు తీసుకెళ్లు" అంది. లే కార్బూజియే గది మాత్రం వదిలేస్తాం, సారీ కాంక్రీటు గారూ. ఇంకో రెండు అడుగుతా. సెర్ ద లా మడోన్ తోట, ఇటలీ వైపు హాన్‌బరీ తోట, రెండిట్లో ఒకటే కుదిరితే ఏది? ఇంకా సముద్రంలో కాళ్లు పెట్టుకోవడానికి ఇసుక ఉందా?

చెట్లూ చేమలూ:
నా మనసు మడోన్ వైపు. మోకాళ్ల సంగతి చూస్తే రెండూ కష్టమే, కానీ కష్టం తీరు వేరు.

సెర్ ద లా మడోన్ గోర్బియో లోయలో ఉంది, సముద్రం కనపడదు. లారెన్స్ జాన్‌స్టన్ 1924లో కొన్నాడు. ఇంగ్లండ్‌లో హిడ్‌కోట్ తోట వేసింది ఈయనే. అక్కడి చలికి చచ్చిపోయే మొక్కలన్నీ ఇక్కడ పెట్టుకున్నాడు. మొక్కల కోసం దక్షిణాఫ్రికా, చైనాలోని యునాన్ దాకా వెళ్లాడు. 1958లో ఇక్కడే పోయాడు. ఆ తర్వాత తోట పాడుబడింది. 1999లో తీరప్రాంత సంరక్షణ సంస్థ తీసుకుని మళ్లీ నిలబెట్టింది. పాత ఆలివ్ తోట మెట్ల మీదే కట్టాడు కాబట్టి పైకెక్కే ప్రతి అంతస్తులో వేరే గదిలోకి అడుగు పెట్టినట్టుంటుంది. ఒకచోట నీటి తొట్టి, ఒకచోట నీడ, ఇంకోచోట ఏ రాతి సందులోంచో చైనా మొక్క. పూలు వరసలు కట్టి ఉండవు. నిర్లక్ష్యంగా వదిలేసినట్టు కనిపించేది నిజానికి ఎంతో లెక్కగా చేసింది. మొదటి రెండు అంతస్తులు చూసి కూర్చున్నా డబ్బులు దండగ కాదు. సోమవారం సెలవు.

హాన్‌బరీ వేరే స్థాయి. 18 హెక్టార్లు. షాంఘైలో వ్యాపారం చేసి సంపాదించిన థామస్ హాన్‌బరీ 1867లో ఇటలీలోని లా మోర్తోలా ఊరి దగ్గర ఈ స్థలం కొన్నాడు. మందుమొక్కల శాస్త్రజ్ఞుడైన అన్న డేనియల్ సలహాతో ప్రపంచం నలుమూలల నుంచి మొక్కలు తెప్పించాడు. లండన్ దగ్గరి విస్లీ తోట రాయల్ హార్టికల్చరల్ సొసైటీకి దానమిచ్చింది కూడా ఈయనే. కింద రోమన్ల కాలంనాటి రోడ్డు ముక్క తోట మధ్యలోంచి పోతుంది.

రైలుపెట్టె:
హాన్‌బరీలో చిక్కు ఒక్కటే. గేటు పైన రోడ్డు మీద, సముద్రం కింద. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, మళ్లీ అదంతా ఎక్కాలి. కింద నుంచి బయటికి దారి ఉంటుందని అనుకుని పోవద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని అందుకే ఆలోచించుకోమంటాను. మెంటన్ నుంచి టాక్సీ అయితే దగ్గర, బస్సు అయితే వెంటిమీల్య వెళ్లి మారాలి.

మెంటన్ చదువరి:
ఇసుక సంగతి: మెంటన్ బీచుల్లో ఎక్కువ గులకరాళ్లే. చెప్పులు లేకుండా నడిస్తే చుక్కలు కనిపిస్తాయి. పాత ఊరి కింద సాబ్లెట్ బీచ్ కాస్త మేలు, నీళ్లు కూడా ప్రశాంతం. వాటర్ షూస్ తెచ్చుకోండి. పక్కనే రేవు, రేవు చివర బస్తియాన్ అనే 17వ శతాబ్దపు చిన్న కోట. దాన్ని కవి, చిత్రకారుడు జాన్ కోక్తో తన బొమ్మల కోసం తీర్చిదిద్దుకున్నాడు. 1963లో ఆయన పోయాక 1966లో తెరిచారు. దగ్గర్లోనే 2011లో కట్టిన పెద్ద కోక్తో మ్యూజియం 2018 అక్టోబరు తుఫానులో సముద్రం లోపలికొచ్చి మూతపడింది. గూగుల్ ఫోటోలు చూసి దానికోసం వెళ్లొద్దు.

అమ్మగారికి మ్యూజియాలు పట్టవన్నారు కదా, అయినా మునిసిపల్ ఆఫీసులో పెళ్లిళ్ల హాలు చూపించండి. 1957, 58లో గోడలు, కప్పు మొత్తం కోక్తోనే గీశాడు. పెళ్లికొడుకు బెస్తవాడు, కన్ను చేప ఆకారంలో ఉంటుంది. పెళ్లికూతురి తల మీద మెంటన్ ఆడవాళ్ల గడ్డిటోపీ. నేల మీద చిరుతపులి మచ్చల తివాచీ! ఇప్పటికీ అక్కడ రిజిస్టర్ పెళ్లిళ్లు జరుగుతాయి. ఆఫీసు రోజుల్లోనే చూడాలి.

మదనపల్లె మావయ్య:
పై కొండ మీద పాత శ్మశానం గురించి ఎవరూ రాయలేదే. అక్కడ రగ్బీ ఆట మొదలుపెట్టాడని చెప్పుకునే విలియం వెబ్ ఎల్లిస్ సమాధి ఉంది. ఆ కథ నిజమో కాదో గానీ రగ్బీ జట్లు మాత్రం వచ్చి ఫలకాలు పెట్టి పోతుంటాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం మిగతా సమాధులు. ఇంగ్లీషువాళ్లు, రష్యన్లు, జర్మన్లు. రాళ్ల మీద వయసులు చూడండి, 19, 22, 25. 1859లో హెన్రీ బెనెట్ అనే ఇంగ్లీషు డాక్టర్ క్షయతో ఇక్కడికొచ్చి కోలుకున్నాడు. పుస్తకం రాసి ఈ గాలి మంచిదని ఊదరగొట్టాడు. దాంతో యూరప్ నలుమూలల నుంచి క్షయరోగులు వచ్చారు. హోటళ్లు, విల్లాలు, తోటలు అన్నీ ఆ డబ్బుతో మొదలైనవే. విక్టోరియా మహారాణి కూడా 1882లో వచ్చింది. అందరూ బెనెట్‌లా కోలుకోలేదు. మా ఊరి పక్కన ఆరోగ్యవరం శానిటోరియం చూసి పెరిగినవాణ్ని కాబట్టి ఆ రాళ్ల దగ్గర చాలాసేపు ఉండిపోయాను.

లియాన్ అక్క:
మావయ్యా, మంచి మాట రాశారు. కానీ అక్కడిదాకా అమ్మగారిని ఎక్కించొద్దు, బసిలికా కన్నా ఇంకా పైకి.

పులిహోర:
తిండి సంగతి నాకు వదిలేయండి. బస్తియాన్ కోట దగ్గర 1898 నాటి మార్కెట్ హాలు ఉంది, పొద్దున పూట మాత్రమే. అక్కడ సొక్కా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద పళ్లెంలో పొయ్యిలో కాల్చి ముక్కలు చేసి, మిరియాల పొడి చల్లి ఇస్తారు. మీకు గుడ్డు బాధ లేదు. బార్బాజువాన్ అంటే ఆకుకూర, చీజ్ కూరి నూనెలో వేయించింది, చూస్తే నోరూరుతుంది. కానీ కూరలోనో పిండిలోనో గుడ్డు ఉంటుంది, అడిగి తీసుకోండి. పిస్సలదియేర్ అనే ఉల్లిపాయ రొట్టె శాకాహారంలా కనిపిస్తుంది, దాని మీద ఆంచోవీ చేపలుంటాయి. జాగ్రత్త! నిమ్మకాయ టార్ట్‌లోనూ గుడ్డే. తీపి కావాలంటే మెంటన్ ఫుగాస్ చూడండి, నారింజపూల నీళ్లు, బాదం వేస్తారు. అదీ గుడ్డు అడిగే కొనండి.

మోడరేటర్:
హోటళ్ల సిఫారసులు, రేట్ల చర్చ వేరే థ్రెడ్‌లో పెట్టండి. ఇక్కడున్న నాలుగు పోస్టులు అక్కడికి మార్చాను.

చిల్లరలెక్క:
రెండు పోస్టులు నావే, తెలుసు 😅 పైసా ఖర్చు లేని తోట ఒకటి చెప్పి వెళ్తా. గరవాన్‌లో పియాన్ పార్కు. వందల ఏళ్ల ఆలివ్ చెట్లు, మాను చుట్టూ చేతులు చాపితే అందవు. టికెట్ లేదు, వాల్ రామే నుంచి దగ్గరే. మధ్యాహ్నం తోట మూసేటప్పుడు అక్కడే కూర్చుని పులిహోర పొట్లం విప్పొచ్చు.

లియాన్ అక్క:
ఈ ఒక్క పోస్టుకి నీ పాపాలన్నీ పోయాయి తమ్ముడూ.

గరవాన్ స్టేషన్ పక్కనే ఫాంటానా రోసా కూడా ఉంది. స్పానిష్ నవలా రచయిత బ్లాస్కో ఇబానెజ్ 1920లలో వేసుకున్న తోట. వలెన్సియా నుంచి రంగురంగుల పింగాణీ పలకలు తెప్పించి బెంచీలు, స్తంభాలు, నీటి తొట్లు కట్టించాడు. తనకిష్టమైన రచయితలకి తోటలో తలా ఒక మూల. 1928లో ఇక్కడే చనిపోయాడు. గైడ్‌తో కొన్ని రోజుల్లోనే చూపిస్తారు, టూరిస్టు ఆఫీసులో కనుక్కోండి. కుదిరితే చూడండి, కుదరకపోతే రైలు దిగి కంచె లోంచి తొంగిచూసినా పలకలు కొన్ని కనిపిస్తాయి.

కృష్ణలంక కుర్రాడు:
సరే, అమ్మా చెల్లీ నేనూ కూర్చుని తేల్చుకున్నాం. మెంటన్‌లోనే రాత్రి ఉండిపోయేలా నీస్ బుకింగ్ తగ్గించాం. బుధవారం పొద్దున గరవాన్‌లో దిగి వాల్ రామే, మధ్యాహ్నం పియాన్ పార్కు, సాయంత్రం మెల్లగా ఒడ్డెంబడి ఊళ్లోకి. గురువారం పొద్దున మార్కెట్, పెళ్లిళ్ల హాలు, తర్వాత టాక్సీలో సెర్ ద లా మడోన్. బసిలికా ఓపిక ఉంటే. హాన్‌బరీ వదిలేశాం. చివరి ప్రశ్న, ఇది అమ్మ అడగమంది: అక్కణ్నుంచి మెంటన్ నిమ్మ కొమ్మ గానీ, విత్తనాలు గానీ తెచ్చుకోవచ్చా?

చెట్లూ చేమలూ:
ఈ ప్రశ్న వస్తుందనుకుంటూనే ఉన్నా! కుదరదండి. మొక్క, కొమ్మ, విత్తనం ఏది తేవాలన్నా ముందుగా దిగుమతి అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం ఉండాలి. నిమ్మజాతికి తెగుళ్లు ఎక్కువ, అధికారులు దీన్ని తేలిగ్గా తీసుకోరు. బొటానికల్ తోటలో రాలిన గింజ ఏరుకోవడం కూడా తప్పే, అమ్మగారికి ముందే చెప్పండి. ఉమ్మెత్త పువ్వుల్ని వాసన చూడొచ్చు, చేత్తో నలిపి కళ్లు మాత్రం నలుపుకోవద్దు.

పులిహోర:
నిమ్మకాయ మార్మలేడ్ తెచ్చుకోండి, ఊళ్లో చాలా షాపుల్లో ఉంటుంది. సీసాలు చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి, చేతిబ్యాగులో అయితే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.